గుమ్మం బయట అమ్మమ్మ

మొన్న మా అపార్ట్‌మెంటులో పై అంతస్తు పెద్దాయన ఆసుపత్రిలో పోయారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. సాయంత్రం పూట కిందికి దిగి వాచ్‌మన్ స్టూలు మీద తాను కూర్చుని, వాచ్‌మన్‌ని నిలబెట్టి, రాజకీయాలు చెబుతూ ఉండేవారు. ఆయనను అంబులెన్సులో తెచ్చి సెల్లారులో రెండు కార్ల మధ్య ఖాళీ చేసిన చోట, అద్దం మూత ఉన్న ఫ్రీజరు పెట్టెలో ఉంచారు. నేను మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి వెళ్ళేసరికి ఆయన కూతురు అసోసియేషన్ సెక్రటరీని బతిమాలుతోంది. "ఒక్క పది నిమిషాలండీ. పైకి తీసుకెళ్ళి ఆయన గదిలో ఉంచి, మళ్ళీ తెచ్చేస్తాం" అంటోంది. ఆ సెక్రటరీ చెడ్డవాడేమీ కాదు, రాత్రంతా వాళ్ళతో ఆసుపత్రిలో ఉన్నవాడే. తల వంచుకుని, "లిఫ్టులో పట్టదమ్మా. పైగా బిల్డింగు నిండా చిన్నపిల్లలున్నారు" అన్నాడు. ఆ అమ్మాయి వెళ్ళి పెట్టె పక్కన కూర్చుంది. నాకు మాత్రం ఆ చివరి మాట దగ్గర కాలు ఆగిపోయింది. దాదాపు అదే మాట యాభై ఏళ్ళ కిందట ఒక మట్టి వాకిట్లో, ఒక లారీ పక్కన నిలబడి విన్నాను.

అది మా అమ్మమ్మ ఇంటి వాకిలి. చీపురుపల్లి స్టేషనులో దిగి ఎద్దుబండి కట్టించుకుని వెళ్ళాల్సిన పల్లె. మెరకలో చోడి అనే రాగి, వేరుశనగ, గోగు. పల్లంలో వరి. కార్తీకం వచ్చేసరికి నార కోసం గోగుకట్టలు నానబెట్టిన చెరువుల కంపు ఊరి పొలిమేరలోనే ఎదురొచ్చి పలకరించేది. మొదటిసారి వచ్చిన కొత్తల్లుళ్ళు ముక్కు మూసుకునేవారు, ఊరివాళ్ళు అది చూసి నవ్వుకునేవారు. అమ్మమ్మ పొట్టిగా, నల్లగా, గింజలా ఉండేది. గొంతు మాత్రం ఆ ఒంటికి సరిపడేది కాదు. గట్టు మీద నిలబడి పిలిస్తే రెండు పొలాల అవతల ఎద్దులు కూడా తల తిప్పి చూసేవి. అక్కడి ఆడవాళ్ళందరిలాగే ఆవిడా అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని. నోరు కాలదా అని నేను అడిగితే, "కాలకేటి? కాల్తాది. అలవాటైపోనాది. కాపురం లాగే" అనేది.

చావు గురించి ఆవిడ మాట్లాడే తీరు వింటే, విజయనగరంలో నాలుగు అక్షరాలు నేర్చుకుని వచ్చిన నాకు మొదట్లో ఒళ్ళు జలదరించేది. ట్రంకుపెట్టె అడుగున కోరా వాసన పోని ఒక ముతక నేత చీర దాచుకుంది. తను పోయిన రోజు కప్పడానికి. తమాషా ఏమిటంటే ఆ చీర ఎప్పుడూ నిలిచేది కాదు. ఊళ్ళో ఏ పేదరాలో ఉన్నట్టుండి పోతే, ఇంట్లో కొత్త గుడ్డ లేదని ఎవరో వచ్చేవారు. ఈవిడ తీసి ఇచ్చేసేది. మళ్ళీ చీపురుపల్లి సంతలో ఇంకోటి కొనుక్కునేది. "నా సావు సీరలు కట్టుకుని ఊర్లో సగం మంది ఎల్లిపోనారు. నాకే తీరిక దొరకడం లేదు" అని నవ్వేది. ఎక్కడ పోవాలో కూడా ఖాయం చేసుకుంది. నడవలో, ధాన్యం గాదె పక్కన, పెరటి గాలి తగిలే మూల. కాపురానికి వచ్చిన ఏడాది ఆ గోడలకు మట్టి తొక్కింది ఆవిడేనట. అత్తగారు ఆ మూలే పోయింది, తాతయ్య ఆ మూలే పోయాడు. "నానూ అక్కడే పోతాను. మీరెవులూ నన్ను అటూ ఇటూ తిప్పీకండి" అని, అన్నం వడ్డిస్తూ, మజ్జిగ కావాలా అని అడిగినంత మామూలుగా చెప్పేది.

ఆవిడకి ఇద్దరే పిల్లలు. మా అమ్మ పెద్దది, తరువాత మావయ్య. అక్కను అక్కడి వాడుకలో 'అప్పా' అని పిలిచేవాడు. మావయ్యకు సేద్యం పట్టలేదు. పదిహేనో ఏటో పదహారో ఏటో సాలూరు పోయి లారీ మీద క్లీనరుగా చేరాడు. డ్రైవరయ్యాడు. నేను చెబుతున్న నాటికి, అంటే అరవైల చివర్లో, సొంత లారీ నడుపుతున్నాడు. సాలూరు ఘాటీ ఎక్కి రాయపూరు దాకా పోయి వచ్చేవాడు. వచ్చేటప్పుడల్లా వాళ్ళమ్మకు ఏదో ఒక కొత్త వస్తువు తెచ్చేవాడు. టార్చిలైటు తెచ్చాడు, ప్లాస్టిక్ బకెట్టు తెచ్చాడు, ఒకసారి ట్రాన్సిస్టరు తెచ్చాడు. బకెట్టులో నీళ్ళు పోస్తే కరిగిపోతుందేమోనని ఆవిడ చాలాకాలం అందులో ఉల్లిపాయలు పోసి ఉంచింది. మావయ్యకు కొత్తదన్నా, యంత్రమన్నా, డాక్టరన్నా గొప్ప గురి. ఘాటీలో ఆగిపోయిన ఇంజనును రాళ్ళు అడ్డం పెట్టి, విప్పి, బాగుచేసి, మళ్ళీ కదిలించిన మనిషి. మనిషి ఒళ్ళు కూడా అలాగే బాగుపడుతుందని మనస్ఫూర్తిగా నమ్మేవాడు. ఊళ్ళో ఎవరైనా జ్వరానికి విభూతి పెట్టుకుంటే పోట్లాడి మరీ మాత్ర మింగించేవాడు.

ఆ ఏడు వేసవికి నేను అమ్మమ్మ దగ్గరే ఉన్నాను. కొత్తగా పెళ్ళయింది. మా ఆయన భిలాయిలో ఇల్లు దొరికాక తీసుకెళ్తానన్నారు. మావయ్య భార్యకు, మా అత్తకు, నెలలు నిండాయి. ఆవిడకు తల్లి లేదు కనుక పురుడు అమ్మమ్మే పోస్తోంది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టి నెలలు తిరక్కుండా పోయాక వచ్చిన కాన్పు అది. అందుకని ఇంట్లో అందరూ గట్టిగా ఊపిరి కూడా పీల్చేవాళ్ళం కాదు. మగపిల్లవాడు పుట్టాడు, బతికాడు. బాలింత పథ్యం, కాపడం, పసివాడికి నలుగు అన్నీ అమ్మమ్మే చూసుకుంది. పిల్లవాడికి ఇరవయ్యొకటో రోజు స్నానం అయిన మర్నాడు పొద్దున్న, కుండలోంచి అంబలి ముంచుతూ ముంచుతూ అక్కడే కూలబడిపోయింది. కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. అప్పుడు బయటపడింది, చలికాలం నుంచీ కడుపులో గడ్డ ఉందని. "ముందు సెప్పితే మీరు నన్ను సూసీవోరా, దాన్ని సూసీవోరా? పురుడు ఎల్లిపోనీ అని ఊరుకున్నాను" అంది.

మావయ్య సాలూరు నుంచి పరుగున వచ్చాడు. చీపురుపల్లి డాక్టరు చూసి, ఇది నా వల్ల కాదు, విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషను చేయించండి అన్నాడు. ఊళ్ళో పెద్దవాళ్ళు వద్దన్నారు. ఈ వయసులో కత్తి పెట్టించడం ఏమిటన్నారు. అందరికంటే గట్టిగా వద్దన్నది తాతయ్య తమ్ముడు, మేము చిన్నతాత అనేవాళ్ళం. మావయ్య ఎవరి మాటా వినలేదు. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మా, పద. పట్నంలో కోసి తీసేత్తారు. నెల తిరిగీసరికి గట్టు మీద నిలబడి కేకలేత్తావు."

"నాకెందుకురా ఇయన్నీ? నా మూల నాకున్నాది."

"నా కోసం రాయే."

ఆవిడ కొడుకు మొహం వంక చూసింది. మనవడి ఉయ్యాల వంక కూడా చూసింది. "సరే. నీ తృప్తికి వత్తాను. గానీ ఒక మాట. బతికితే నా కాళ్ళతో వత్తాను. పోతానని తెలిస్తే ముందే తెచ్చీయాల. నా ఇంట్లో పోవాల నాను" అంది. "తెచ్చేత్తానే, ఒట్టు" అన్నాడు మావయ్య, ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టి. ఆవిడ చెయ్యి తీసేసింది. "ఒట్లెందుకు? మాట సాలు" అంది.

విశాఖపట్నంలో మేము చేర్పించిన ఆసుపత్రి గురించి చెడుగా ఒక్క మాట కూడా చెప్పలేను. సముద్రం గాలి వచ్చే పొడుగాటి వార్డు, తెల్లటి దుప్పట్లు, ఫినాయిలు వాసన. పగలు నేనో, కబురందుకుని వచ్చిన అమ్మో ఒకరం పక్కన ఉండేవాళ్ళం. రాత్రిళ్ళు ఎవరినీ ఉండనిచ్చేవారు కాదు. బయట వరండాలో చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళం. ఆపరేషను బాగానే జరిగింది. నాలుగైదు రోజులకు అమ్మమ్మ లేచి కూర్చుని, చుట్టుపక్కల మంచాల వాళ్ళ సంసారాలన్నీ తెలుసుకుని, సలహాలు చెప్పడం మొదలుపెట్టింది. చుట్ట కావాలని ఆయాతో రహస్యంగా బేరం పెట్టింది. డాక్టరు తెలిసి కోప్పడితే, "నువ్వు మా వోడికన్నా సిన్నోడివి బాబూ, పెల్లైనాదా?" అని అడిగింది. ఆయన నవ్వేశాడు. ఆ రోజు మావయ్య మా అందరికీ హోటల్నుంచి ఇడ్లీలు తెచ్చి, తాను తినకుండా మేము తింటుంటే చూస్తూ కూర్చున్నాడు. తాను గెలిచానని కాదు, వాళ్ళమ్మ గెలిచిందని అతడి మొహం వెలిగిపోయింది.

తరువాత జ్వరం వచ్చింది. దగ్గు వచ్చింది. ఊపిరితిత్తుల్లో చీము చేరిందన్నారు. ఒక సాయంత్రం డాక్టరు మమ్మల్ని వార్డు బయటికి పిలిచాడు. మావయ్య, అమ్మ, నేను వెళ్ళాం. "మందులు వేస్తున్నాం. గట్టెక్కే అవకాశం ఉంది. ఎంత ఉందని అడక్కండి, చెప్పలేను. ఇప్పుడు కదిపితే మాత్రం దారిలోనే పోవచ్చు. నిర్ణయం మీది" అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక అమ్మ మావయ్య చెయ్యి పట్టుకుంది.

"మాటిచ్చావు గదరా తమ్ముడా. తెచ్చేత్తానన్నావు."

"పోతాదని తెలిస్తే తెచ్చేత్తానన్నాను అప్పా. పోతాదని ఎవులు సెప్పగల్రు? ఆశున్నాదని ఆ డాక్టరే అంతన్నాడు. తీసికెల్లి, దార్లో పోతే, నా సేతుల్తో నాను సంపేసినట్టే గదా?"

"మరి ఇక్కడ పోతే?"

ఇద్దరిదీ న్యాయమే. ఇప్పటికీ ఆ రెండు మాటల్లో ఏది సరైనదో నేను తేల్చుకోలేను. నాకు అర్థం కానిది ఇంకొకటి. మేము అక్కడ నిలబడి అంతసేపు మల్లగుల్లాలు పడ్డామే, గోడ అవతల మంచం మీద తెలివిగా ఉన్న మనిషిని పోయి, "ఇదీ సంగతి, నీకేం కావాలి?" అని అడుగుదామని ఒక్కరికీ తోచలేదు. ఆ రోజుల్లో రోగి దగ్గర రోగం మాట ఎత్తడమే అపచారంలా ఉండేది. జబ్బుపడగానే మనిషి చిన్నపిల్ల అయిపోయేది. ఇరవై ఎకరాల సేద్యం, పంచాయితీలు, పురుళ్ళు ఒంటి చేత్తో నడిపిన మనిషి విషయంలో కూడా.

మర్నాడు సాయంత్రం మేము లోపలికి వెళ్ళేసరికి అమ్మమ్మ బాగా నీరసించింది. గొంతు లేదు. ఆ గొంతు అంత చిన్నగా పలకగలదని నాకు అప్పుడే తెలిసింది. "ఇంటికెల్పోదాం రా" అంది మావయ్యతో.

"రేపు ఎల్పోదామే అమ్మా."

"రేపా?" అని కాసేపు కొడుకు వంక చూసింది. "అలగే" అంది. అంతే. తరువాత నా వైపు తిరిగి, "సంటోడు పాలు తాగతన్నాడేటే?" అని అడిగింది. తాగుతున్నాడట అన్నాను. గంట కొట్టారు, బయటికి వచ్చేశాం. పొద్దున్న తలుపులు తీశాక, కాఫీ గ్లాసు పట్టుకుని అమ్మ ముందు వెళ్ళింది. వెనకాల వెళ్ళిన మావయ్య ఆ మంచం చుట్టూ కట్టిన తెర చూసి, గుమ్మంలోనే గోడకు ఆనుకుని, మెల్లగా నేల మీదికి జారిపోయాడు.

టాక్సీ వాళ్ళు ఎవరూ శవాన్ని ఎక్కించుకోవడానికి ఒప్పుకోలేదు. సరుకు దించి విశాఖపట్నంలోనే ఉన్న మావయ్య లారీకి కబురు పెడితే వచ్చింది. క్లీనరును రైలెక్కించి ఊరికి ముందు పంపాడు. లారీలో గడ్డి దట్టంగా పరిచి, దాని మీద చాపలు వేసి, అమ్మమ్మను పడుకోబెట్టారు. అమ్మా నేనూ చెరొక పక్క కూర్చున్నాం. డ్రైవరున్నా సరే, స్టీరింగు మావయ్యే పట్టుకున్నాడు. ఆ బండిని అతడు అంత మెల్లగా నడపడం నేనెప్పుడూ చూడలేదు. గతుకు వచ్చిన ప్రతిచోటా దాదాపు ఆపేసేవాడు. పైన ఎండ నిప్పులు చెరుగుతోంది. దారిలో జనం లారీని చూసి ఎక్కుతామని చేతులెత్తేవారు. విజయనగరం దాటాక ఒక రైలు గేటు దగ్గర ఆగాం. గూడ్సుబండి ఎంతకీ పోదు. తాటిముంజలమ్మా ముంజలు అంటూ ఒక ముసలమ్మ గంప పట్టుకుని లారీ చక్రం మీద కాలు వేసి పైకి తొంగి చూసింది. చూసి, కేక ఆపేసింది. "ఏ ఊరమ్మా?" అని అడిగింది. అమ్మ చెప్పింది. "ఇంటికి తీసికెల్తన్నారా? అదురుష్టవంతురాలు" అని, గంప దించుకుని, గేటు ఎత్తేదాకా అక్కడే నిలబడింది. మా అమ్మ అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకు ఏడ్చింది.

ఊళ్ళోకి వచ్చేసరికి మధ్యాహ్నం తిరిగింది. వీధి మొదట్లోనే చిన్నతాత, మరో నలుగురు పెద్దలు నిలబడి ఉన్నారు. లారీ ఇంటి ముందు ఆగింది. మావయ్య దిగి, వెనక తలుపు తీసి, తలవైపు తాను పట్టుకుని, "పట్టండి, నడవలోకి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. వాకిట్లో అప్పటికే నీళ్ళు చల్లి, చాప వేసి, నాలుగు రాటలు పాతి పైన తాటాకు కప్పి ఉంచారు. ఆ తాటాకు పందిరి చూసేదాకా మాకు తట్టనే లేదు. ఊరి బయట పోయిన మనిషిని గుమ్మం దాటించరు. అందరికీ తెలిసిన సంగతే. దుఃఖంలో మరిచిపోయాం.

"లోపలికి వద్దురా" అన్నాడు చిన్నతాత.

"ఇది ఆవిడిల్లు సిన్నాన్నా. ఆ గోడలకి మట్టి తొక్కింది ఆవిడ."

"నాకు తెల్దేటి? ఈ ఊర్లో అది తెలియనోడు ఎవుడున్నాడు? ఆవిడి సేతి కూడు తిని పెరిగినోడిని నాను. నా సొంత అప్పయినా, తల్లయినా ఇదే మాట సెప్తాను. బయట పోయిన పేనం. లోపలికి తేకూడదు." ముసలాయన కళ్ళు తుడుచుకుంటూనే చెబుతున్నాడు. "ఇంట్లో ఉత్తప్పుడైతే మరోలాగుండీది. బాలింత ఉన్నాది. సంటోడున్నాడు. ఇద్దర్ని పోగొట్టుకుని నిలబెట్టుకున్న బిడ్డడు. రేపు ఆడికేటైనా అయితే ఎవుల్ని అడుగుతావు?"

మావయ్య వాళ్ళమ్మ తల అలా పట్టుకునే నిలబడ్డాడు. విభూతి పెట్టుకున్న వాళ్ళతో పోట్లాడిన మనిషి. ఇంకొకప్పుడైతే ఆ మాటను నవ్వి తోసేసేవాడు. అప్పుడే లోపలి గది తలుపు తెరుచుకుంది. అత్త, నెత్తికి గుడ్డ కట్టుకుని, పిల్లవాణ్ణి గుండెకు హత్తుకుని, గుమ్మం మీదికి వచ్చి నిలబడింది. అత్త మగవాళ్ళ ఎదుట నోరెత్తి మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు.

"అత్తని లోపలికి తెండి. నానూ పిల్లడూ బయటికెల్లి కూకుంతాం. పందిరేసినారు గదా, అక్కడ మేముంతాం" అంది.

అందరూ మావయ్య వైపు చూశారు. ఆ క్షణంలో మావయ్య ఒక అడుగు వేసి ఉంటే ఎవరూ అడ్డుకునేవారు కారనే నేను ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆడవాళ్ళు గొల్లుమన్నారు. పచ్చి బాలింత, ఎండ, వడగాలి, పసివాడు, లోపలికి వెళ్ళు లోపలికి వెళ్ళు అని అత్తను చుట్టుముట్టారు. ఆ గందరగోళానికి పిల్లవాడు లేచి ఏడవడం మొదలుపెట్టాడు. మావయ్య ఆ ఏడుపు విన్నాడు. వాళ్ళమ్మ మొహం చూశాడు. గుమ్మం మీద ఆ ఎర్రటి చిన్న మొహం చూశాడు. "వద్దు. ఇక్కడే దించండి" అన్నాడు.

అలా అమ్మమ్మను తన ఇంటి గుమ్మానికి బారెడు దూరంలో వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం అక్కడే. పెట్టెలోని ముతక నేత చీరను అత్త కిటికీలోంచి అందించింది. పందిరి సందుల్లోంచి ఎండ ఆవిడ మొహం మీద పడుతుంటే మా అమ్మ కొంగు అడ్డం పట్టుకుని కూర్చుంది. తలుపులు తెరిచే ఉన్నాయి. వాకిట్లోంచి చూస్తే నడవ, గాదె, గాదె పక్క మూల అన్నీ కనబడుతున్నాయి. మావయ్య మాత్రం ఆ వైపు చూడకుండా, ఇంటికి వీపు పెట్టి, ఆవిడ పాదాల దగ్గర కూర్చున్నాడు. ఎత్తేదాకా లేవలేదు.

ఆ తరువాత మావయ్య ఆ ఇంట్లో పడుకోవడం మానేశాడు. సాలూరు నుంచి వచ్చినప్పుడల్లా అన్నం తిని, చాప తెచ్చుకుని అరుగు మీదికి వచ్చేసేవాడు. వానాకాలం, చలికాలం ఒకటే. లారీ మనిషి, ఆరుబయట అలవాటు అని ఊళ్ళో అనుకునేవారు. అత్తకు తెలుసు. మాకు తెలుసు. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. చిన్నతాత ఆ తరువాత ఆరేళ్ళు బతికాడు. ఇద్దరూ అరుగు మీద చెరొక చివర పడుకుని ధరల గురించి, వానల గురించి మాట్లాడుకునేవారు. ఆ మధ్యాహ్నం గురించి మాత్రం ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. కోపాలున్నట్టు కూడా కనబడేది కాదు. ఇద్దరూ ఒకే మనిషిని పోగొట్టుకున్నారు కదా.

ఇరవై ఏళ్ళు దాటాక మావయ్యకు గుండె జబ్బు వచ్చింది. కాళ్ళు వాచేవి, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. కబురు విని నేను సాలూరు వెళ్ళబోతుంటే, "సాలూరు కాదు వదినా, ఊరికి తెచ్చేశాం, అక్కడికి రా" అని కబురొచ్చింది. పంపినవాడు ఎవరో కాదు, ఆ నాటి పసివాడే. అప్పటికి మీసాలొచ్చి, తండ్రి లారీలు తానే చూసుకుంటున్నాడు. నేను వెళ్ళేసరికి నడవలో, గాదె తీసేసిన చోట, పెరటి గాలి తగిలే ఆ మూలే మంచం వేసి, తండ్రిని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాడు. పగలూ రాత్రీ వంతులవారీగా కనిపెట్టుకుని ఉన్నారు. "నాన్నమ్మకి జరిగినట్టు నాన్నకి జరగనివ్వం వదినా. ఏ ఆసుపత్రికీ పంపం. ఇల్లు కదలనివ్వం" అన్నాడు. ఆ కథ వింటూ పెరిగిన పిల్లవాడు. తన వల్ల నాన్నమ్మ బయట ఉండిపోయిందన్న మాట ఎవరు అన్నారో, ఎప్పుడు మనసులో నాటుకుందో. అంత ప్రేమగా చెబుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు మావయ్య నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఏటే, నన్నిక్కడికెందుకు తెచ్చీసినారు?"

"నీకిష్టమని మావయ్యా."

"నాకిష్టమని ఎవులు సెప్పినారు?" ఊపిరి కూడదీసుకున్నాడు. "మా అమ్మకి ఇల్లు కావాల. నాకు డాక్టరు కావాలే. నాకింకా బతకాలనున్నాది."

"మరి వాళ్ళకు చెప్పలేదేం?"

"ఎలా సెప్పీది? ఇంత పేమగా సేత్తన్నారు. కాదంటే పిల్లడు బాదపడడూ?" అని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "ఆవేల మా అమ్మ 'అలగే' అన్నాదే, రేపు ఎల్పోదామంటే. నాను నమ్మినాదనుకున్నాను. ఇప్పుడు తెలస్తన్నాది, ఎందుకన్నాదో."

నేను వెళ్ళి కొడుక్కి చెప్పాను. వాడు ముందు నమ్మలేదు. తండ్రి దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, "నాన్నా, నీకేటి కావాల?" అని అడిగాడు. మా ఇంట్లో ఎవరైనా ఒక రోగిని ఆ మాట అడగడం నేను వినడం అదే మొదలు. ఆ సాయంత్రమే కారులో విశాఖపట్నం తీసుకెళ్ళారు. మావయ్య కోలుకున్నాడు. ఏడాదికి పైగా బతికాడు. కారు నడపనివ్వలేదని కొడుకుతో పోట్లాడాడు, అత్తను వెంటబెట్టుకుని బొబ్బిలి, పార్వతీపురం చుట్టాలందరినీ చూసి వచ్చాడు. ఆ మరుసటి వానలు వెళ్ళాక మళ్ళీ అదే ఆసుపత్రిలో, అత్త చెయ్యి పట్టుకుని, డాక్టరుతో ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ పోయాడు.

అంబులెన్సులో ఊరికి తెచ్చారు. నేను ముందే చేరుకున్నాను. బండి ఇంటి ముందు ఆగింది. వీధిలో పెద్దవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళలో కొందరు ఆ నాడు పందిరికి రాటలు పాతినవాళ్ళే. ఎవరు ముందు అంటారా అని నేను వాళ్ళ మొహాలే చూస్తున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. నలుగురు కుర్రవాళ్ళు స్ట్రెచరు దించి, "జాగర్త, గడప ఉన్నాది" అని ఒకరికొకరు చెప్పుకుంటూ, తిన్నగా నడవలోకి తీసుకెళ్ళిపోయారు. ఇంట్లో అప్పుడూ పసిబిడ్డ ఉంది, మావయ్య మనవరాలు. దాన్ని ఎత్తుకుని కోడలు అక్కడే, వాళ్ళ మధ్యే నిలబడింది. అలాంటి ఆచారం ఒకటి ఉండేదని ఆ కుర్రవాళ్ళకు తెలుసో లేదో కూడా నాకు తెలియదు. తెలిసిన పెద్దవాళ్ళు చెప్పులు విడిచి వాళ్ళ వెనకే లోపలికి నడిచారు.

ఆసుపత్రి నుంచి దారి పొడుగునా నిబ్బరంగా కూర్చుని వచ్చిందట అత్త. ఇప్పుడు గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. లోపలికి వెళ్ళిన స్ట్రెచరును చూసింది, వెనక్కి తిరిగి ఖాళీ వాకిలిని చూసింది. నా భుజం పట్టుకుని, "ఇంతేనేటే? ఇంత తేలికేనేటే?" అంటూ కూలబడింది. ఆ ఏడుపులో మొగుడి పేరు లేదు. "అత్తా, అత్తా" అనే ఏడ్చింది.

నేనూ ఆవిడ పక్కనే వాకిట్లో కూర్చుండిపోయాను. ఆ నియమం ఎప్పుడు పోయిందో, ఎవరు తీసేశారో ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్పలేకపోయారు. ఎవరూ ఎదిరించలేదు, ఎవరూ పోట్లాడలేదు, దానంతటదే పోయింది. కాలం ఇరవై ఏళ్ళ పాటు తీరిగ్గా చేసిన ఆ పనిని, ఆ ఒక్క మధ్యాహ్నం మేము చెయ్యలేకపోయాం.